హైదరాబాద్‌లో డ్రైసూట్ క్లాస్: డబ్బు కట్టొచ్చు, కానీ ముందు కొన్ని అడిగి కట్టండి

ముందే చెప్పేస్తున్నాను, క్లాస్ బాగుంది. కాకపోతే "చన్నీళ్ల డైవింగ్ నేర్పిస్తాం" అని వాళ్లు ఇచ్చే ప్రకటనలో సగమే నిజం. డ్రైసూట్, అంటే ఒళ్లు తడవకుండా వేసుకునే డైవింగ్ సూట్, ఎలా వేసుకోవాలి, దాంట్లో గాలి ఎలా నింపాలి, ఎలా వదలాలి అన్నంతవరకు నేర్పిస్తారు, అదీ శ్రద్ధగానే నేర్పిస్తారు. చన్నీళ్లు మాత్రం చూపించలేరు, ఏప్రిల్ నెల హైదరాబాద్‌లో వాళ్లయినా ఎక్కణ్నుంచి తెస్తారు పాపం. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో నిజంగా చల్లటి నీళ్లలో దిగి కోర్సు పూర్తి చేసుకొచ్చాను కాబట్టి, ఇక్కడ నేర్చుకున్నదాంట్లో అక్కడ ఏది పనికొచ్చిందో ఏది పనికిరాలేదో చెప్పగలను. స్కూల్ గచ్చిబౌలి వైపు ఉంది. పేరు రాయను, మెసేజ్ పెట్టి అడగొద్దు. సిటీలో ఈ క్లాస్ చెప్పేవాళ్లే తక్కువ, వెతికితే మీకే దొరుకుతారు.

అసలు ఇది ఎవరికి? మనలో ఎక్కువమంది డైవింగ్ నేర్చుకునేది అండమాన్ హావ్‌లాక్‌లోనో, మురుడేశ్వర్ దగ్గర నేత్రాణిలోనో, లేదా వైజాగ్ రుషికొండలోనో. అండమాన్ నీళ్లు దాదాపు 28 డిగ్రీలుంటాయి. అక్కడ పల్చటి వెట్‌సూట్ చాలు, కొందరైతే టీషర్టు మీదే దిగిపోతారు. మీరు ఎప్పటికీ అక్కడే డైవ్ చేస్తారంటే ఈ రివ్యూ ఇక్కడితో ఆపేయొచ్చు, డ్రైసూట్‌తో మీకు పని లేదు. పని పడేది ఐస్‌లాండ్, నార్వే, స్కాట్లండ్ లాంటి చోట్లకి వెళ్లేవాళ్లకి. నా బ్యాచ్‌లో ఉన్నవాళ్లందరూ సిల్‌ఫ్రా ఫొటోలు చూసి వచ్చినవాళ్లే. నేనూ అంతే.

తెలియనివాళ్ల కోసం: సిల్‌ఫ్రా అనేది ఐస్‌లాండ్‌లోని థింగ్‌వెల్లిర్ నేషనల్ పార్కులో, ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్న చోట, నేల చీలి ఏర్పడిన పగులు. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీళ్లు లావా రాళ్ల లోపలినుంచి దశాబ్దాల తరబడి వడకట్టుకుంటూ వచ్చి ఆ పగుల్లోకి చేరతాయి. అందుకే ఆ నీళ్లలో వంద మీటర్ల దాకా కనిపిస్తుందంటారు, అందుకే ఏడాది పొడుగునా 2 నుంచి 4 డిగ్రీల మధ్యే ఉంటాయి. అక్కడ డైవ్ చేయాలంటే డ్రైసూట్ సర్టిఫికెట్ అయినా చూపించాలి, డ్రైసూట్‌లో చేసిన కనీసం 10 డైవ్‌లు లాగ్ బుక్‌లో అయినా చూపించాలి. అండమాన్‌లో వంద డైవ్‌లు చేశానంటే వినరు.

ఈ రూల్ వల్లే హైదరాబాద్‌లో ఇలాంటి క్లాస్ నడుస్తోంది. డైవింగ్ సర్టిఫికెట్లు ఇచ్చే ప్యాడీ సంస్థ వాళ్ల డ్రైసూట్ కోర్సులో పూల్ సెషన్ ఒకటి, బయటి నీళ్లలో రెండు డైవ్‌లు ఉంటాయి, ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (డైవింగ్‌లో మొదటి మెట్టు) ఉన్నవాళ్లు ఎవరైనా చేరొచ్చు. ఈ స్కూల్ థియరీ చెప్పి, పూల్ సెషన్ చేయించి, మిగతా రెండు డైవ్‌లు మీరు వెళ్లే దేశంలో చేసుకోమని కాగితం రాసి ఇస్తుంది. అంటే సర్టిఫికెట్ ఇక్కడ రాదు. ఈ సంగతి ప్రకటనలో కిందెక్కడో సన్న అక్షరాల్లో ఉంది, ఫోన్ చేసినప్పుడు కూడా మనం గుచ్చి గుచ్చి అడిగితే తప్ప చెప్పరు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి డబ్బు కట్టేశాక ఇది తెలిసి గొడవ పెట్టుకున్నాడు, అతని బాధలో న్యాయం ఉంది. ఫీజు పదిహేను వేల పైచిలుకు, సూట్ అద్దె అందులోనే.

ఇక క్లాస్ సంగతి. పొద్దున్న ఆరింటికే రమ్మంటారు, తొమ్మిది దాటితే ఆ ఎండకి సూట్ వేసుకుని గట్టు మీద నిలబడటం ప్రమాదమే, వడదెబ్బ తగులుతుంది. ఇన్‌స్ట్రక్టర్‌ది వైజాగ్, తక్కువ మాట్లాడతాడు, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పడానికి విసుక్కోడు. మొదటి గంటంతా వేసుకోవడం, విప్పడం, మళ్లీ వేసుకోవడం. ఇదేం క్లాస్ అనిపిస్తుంది కానీ, నిజానికి మొత్తం ఫీజులో ఎక్కువ విలువ ఈ గంటదే.

ఎందుకంటే డ్రైసూట్‌లో నీళ్లు లోపలికి రాకుండా ఆపేవి మెడ దగ్గర, మణికట్ల దగ్గర ఉండే పల్చటి సీల్స్, ఒక జిప్పు, అంతే. మేం వాడినవి లేటెక్స్ సీల్స్. లేటెక్స్‌కి నూనె పడదు, జిడ్డు తగిలితే మెత్తబడి పాడైపోతుంది. మనవాళ్లకి ఇది చాలా ముఖ్యం, తలకి కొబ్బరినూనె రాసుకుని క్లాస్‌కి వెళ్లకండి, ముందురోజే జిడ్డు పోయేలా తలస్నానం చేసి వెళ్లండి. గాజులు, ఉంగరాలు, మెళ్లో గొలుసు, నల్లపూసలు, అన్నీ తీసేయాలి. కొన్ని సూట్లకి పాదాల దగ్గర పల్చటి సాక్స్ ఉంటాయి, అలాంటివాటికి మెట్టెలు కూడా ఇబ్బందే. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి. ఇవన్నీ ముందురోజు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడితే సరిపోయే విషయాలు. పెట్టలేదు. మా బ్యాచ్‌లో ఒకావిడ మెట్టెలు తీయడానికి సబ్బు వెతుక్కుంటూ పావుగంట తిరిగింది.

సీల్‌కి లోపలివైపు టాల్కమ్ పౌడర్ రాసి, వేళ్లు మడవకుండా చదునుగా పెట్టి, రెండు చేతులతో సాగదీసి తల దూర్చాలి. వాసన లేని పౌడర్ అయితే మంచిది, సెంటు కలిపినవి రబ్బర్‌కి మంచివి కావట. మొదటిసారి తల దూర్చినప్పుడు ఒక్క క్షణం చీకటి, రబ్బరు వాసన, చెవులు మడత పడిపోవడం, కాస్త కంగారే. బయటికి వచ్చాక మెడ చుట్టూ ఎవరో పట్టుకున్నట్టే ఉంటుంది.

"మెడ పట్టేసినట్టుంది సర్."

"పట్టాలి మేడమ్. కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదు."

"అయితే సైజు కరెక్టే. కళ్లు తిరిగితే మాత్రం మొహమాటపడకుండా చెప్పండి, వెంటనే తీసేద్దాం."

ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. మెడ సీల్ మరీ బిగుతైతే మెడ పక్క రక్తనాళాల మీద ఒత్తిడి పడి గుండె వేగం తగ్గిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంటుంది. మరీ వదులైతే నీళ్లొస్తాయి. మణికట్ల దగ్గర ఆడవాళ్లకి ఇంకో తంటా, సన్న చేతులకి పిడికిలి బిగిస్తే స్నాయువుల (టెండన్ల) మధ్య పల్లం పడి అందులోంచి నీళ్లు పాకుతాయి. స్కూల్ దగ్గర ఉన్న సూట్లు మగవాళ్ల కొలతలవి, నాకిచ్చిన దాంట్లో కుడి చెయ్యి మోచేతి దాకా తడిసింది. పూల్‌లో అది నవ్వుకునే విషయం. నాలుగు డిగ్రీల నీళ్లలో అదే డైవ్ ఆపేయాల్సిన విషయం.

జిప్పు మా సూట్లకి వీపు మీద, భుజాల అడ్డంగా ఉంది, వేరేవాళ్లు వేయాలి. ఆఖరి అర అంగుళం మూతపడిందో లేదో ఇంకో మనిషి వేలితో తడిమి చూడాలి. ఈ అలవాటు మాత్రం ఆయన మాకు బాగా ఎక్కించాడు. ప్రతిసారీ ఎవరి జిప్పు ఎవరు చూశారో పేరు పెట్టి అడిగేవాడు.

నీళ్లలోకి దిగాక మొదట తెలిసేది, సూట్ ఒంటికి అంటుకుపోవడం. కిందికి వెళ్తున్నకొద్దీ లోపలి గాలి నలిగిపోతుంది, ఉపరితలం మీద ఒక లీటరు ఉన్న గాలి పది మీటర్ల లోతున అర లీటరే. గాలి నింపకపోతే సూట్ మడతలు చర్మాన్ని గిల్లుతాయి, తర్వాత చూసుకుంటే ఎర్రటి గీతలు. ఛాతీ మీద ఉన్న ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కితే సిలిండర్‌లోంచి గాలి సూట్‌లోకి వస్తుంది. పైకి వచ్చేటప్పుడు దీనికి ఉల్టా, అదే గాలి పెరుగుతూ పోతుంది, దాన్ని ఎడమ భుజం మీదున్న ఎగ్జాస్ట్ వాల్వ్‌లోంచి వదలాలి. ఆ వాల్వ్ శరీరంలో అన్నిటికన్నా పైన ఉంటేనే గాలి పోతుంది కాబట్టి ఎడమ మోచెయ్యి ఎత్తి పట్టుకోవాలి. చదివితే సులువు. బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) ఒక చేత్తో, సూట్ ఒక చేత్తో, ముక్కు మూసి చెవులు సరిచేసుకోవడం ఇంకో చేత్తో, ఆ మూడో చెయ్యి మనకు లేదు.

కాళ్లు పైకి లేచిపోవడం అనే డ్రిల్ మీద మాత్రం ఈ స్కూల్‌కి పూర్తి మార్కులు ఇస్తాను. తల కిందికి వంచితే సూట్‌లోని గాలంతా కాళ్లలోకి పరుగెడుతుంది, పాదాలు బూరెల్లా పొంగి, ఫిన్‌లు ఊడిపోయేలా ఉండి, తలకిందులుగా పైకి లేచిపోతుంటాం, భుజం మీది వాల్వ్ ఇప్పుడు అన్నిటికన్నా కింద ఉంది కాబట్టి ఎంత నొక్కినా గాలి పోదు. లోతైన చోట ఇది జరిగితే ఊపిరి బిగబట్టకుండా ఉండటమే కష్టం, వేగంగా పైకి వస్తే ఊపిరితిత్తులకే ముప్పు. చేయాల్సింది ఏమిటంటే, మోకాళ్లు పొట్టకి ముడుచుకుని, చేతులతో నీళ్లు తోస్తూ ముందుకి దొర్లి, తల పైకి రాగానే గాలి వదిలేయడం. ఆయన ఒక్కొక్కళ్ల కాళ్లు పట్టుకుని కావాలని పైకెత్తేవాడు, చెప్పకుండా, వెనకనుంచి. మొదట చిరాకేసింది. తర్వాత శరీరమే ముడుచుకోవడం నేర్చుకుంది. అదే విధంగా ఇన్‌ఫ్లేటర్ బటన్ ఇరుక్కుపోయి గాలి ఆగకుండా వస్తుంటే గొట్టం పీకేయడం కూడా చేయించాడు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను.

ఇదంతా మేం వట్టి చేతులతో, సూట్ లోపల పల్చటి ట్రాక్ ప్యాంటు, ఫుల్ హ్యాండ్స్ టీషర్టుతో చేశాం. ఆ వేడికి అంతకన్నా వేసుకోలేం, నిజమే. కానీ డ్రైసూట్ గురించి చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, మేం వాడిన ట్రైలామినేట్ (మూడు పొరల పల్చటి గుడ్డ) రకం సూట్ తనంతట తాను వెచ్చదనం ఇవ్వదు, అది నీళ్లు రాకుండా ఆపే తొడుగు మాత్రమే. వెచ్చదనం ఇచ్చేది లోపల వేసుకునే మందపాటి అండర్‌సూట్, దాంట్లో చిక్కుకున్న గాలి. నీళ్లు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి కాబట్టి ఆ గాలి పొరే ప్రాణం. ఆ పొర మిమ్మల్ని పైకి తేలుస్తుంది కూడా. అంటే అండర్‌సూట్ లేకుండా పూల్‌లో నేర్చుకున్న బరువు (మునగడానికి కట్టుకునే సీసం), బ్యాలెన్స్, ఎంత గాలి నింపాలన్న అంచనా, వీటిలో ఏ ఒక్కటీ చన్నీళ్లకి వర్తించదు. ఇది ఆయనకి తెలుసు, అడిగితే ఒప్పుకున్నాడు కూడా. మరి క్లాస్ చివర ఇచ్చిన కాగితంలో "మీకు కావాల్సిన బరువు" అని ఒక అంకె ఎందుకు రాసి ఇచ్చారో మాత్రం నాకు అర్థం కాలేదు. ఆ అంకె పక్కన "అండర్‌సూట్ లేకుండా, పూల్‌లో" అని రాసి ఉంటే గొడవే లేదు.

మా తమ్ముడు లెస్టర్‌లో ఉంటాడు, అందుకని మిగతా డైవ్‌లు అక్కడికి దగ్గర్లోనే ఉన్న స్టోనీ కోవ్‌లో చేశాను. పాత గ్రానైట్ క్వారీ అది, తవ్వకం ఆగిపోయాక నీళ్లు నిండింది, నార్త్ సీ చమురు పనులకి వెళ్లే డైవర్లకి ఒకప్పుడు అక్కడే ట్రైనింగ్ ఇచ్చేవారు. లోతు మెట్లుమెట్లుగా ఉంటుంది, కొత్తవాళ్లకి ఆరు మీటర్ల దగ్గర ఒక మెట్టు, తర్వాత ఇరవై దగ్గర ఒకటి, అన్నిటికన్నా లోతు 35 మీటర్ల దాకా. చూడటానికి కూడా ఏవేవో పెట్టారు, స్టేన్‌గార్త్ అనే పాత టగ్ బోటుని 2000లో అందులో ముంచారు, విమానం ముక్క కూడా ఉంది. నేను వెళ్లినప్పుడు నీళ్లు ఆకుపచ్చగా, నాలుగైదు మీటర్లకి మించి ఏమీ కనిపించకుండా, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ మీద 6 డిగ్రీలు. సిల్‌ఫ్రా ఫొటోలు మర్చిపోండి.

అక్కడి ఇన్‌స్ట్రక్టర్ అరవై దాటిన పెద్దాయన, హైదరాబాద్ కాగితం చదివి, బరువు అంకె చూసి ఏమీ అనకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు అండర్‌సూట్ వేయించి, గట్టు పక్కన నీళ్లలో నిలబెట్టి బరువు మళ్లీ చూశాడు. అల్యూమినియం సిలిండర్ బదులు అక్కడ స్టీలుది, అది బరువు కాబట్టి సీసం తగ్గాలి, అయినా కాగితం మీది అంకెకి ఇంచుమించు రెట్టింపు పట్టింది. ఇది మంచినీళ్లలో మాట, సముద్రంలో అయితే ఇంకా పెరుగుతుంది.

రెండోది, చేతులు. అక్కడ ఏడు మిల్లీమీటర్ల గ్లవ్స్ వేసుకున్నాక ఇన్‌ఫ్లేటర్ బటన్ ఎక్కడుందో వేలికి తెలియదు. హైదరాబాద్‌లో రెండు సెకన్లలో గొట్టం పీకేసిన నేను అక్కడ గొట్టం సూట్‌కి తగిలించి ఉండే ఆ కప్లింగ్‌ని తడుముకుంటూనే ఉండిపోయాను. ఇరవై నిమిషాలయ్యేసరికి వేళ్లు మొద్దుబారి, గ్లవ్స్ లేకపోయినా అంతే అన్నట్టు అయింది. ఇది పూల్‌లో కూడా నేర్పించొచ్చు, గ్లవ్స్‌కి ఎండతో పనేముంది? ఒక జత మందపాటి గ్లవ్స్ కొని పెట్టుకుంటే చాలు, ఇంత ఫీజులో అది పెద్ద ఖర్చేం కాదు. నా ప్రధాన ఫిర్యాదు ఇదే.

ముఖం సంగతి కూడా చెప్పాలి. ఒళ్లంతా పొడిగా వెచ్చగా ఉంటుంది, హుడ్‌కి మాస్క్‌కి మధ్య ఖాళీగా ఉన్న చర్మం, పెదాలు మాత్రం నేరుగా ఆ నీళ్లకే. మొదటి నిమిషం నుదురు పగిలిపోయేంత నొప్పి, ఊపిరి దానంతటదే వేగంగా ఎగసిపడుతుంది. పెద్దాయన దిగే ముందే ముఖం మీద ఆ నీళ్లు చల్లుకోమన్నాడు, మాస్క్ లేకుండా కాసేపు ముఖం ముంచి ఉంచమన్నాడు. అది చేశాక ఊపిరి కుదుటపడింది. తర్వాత పెదాలు మొద్దుబారిపోతాయి, ఇక బాధ ఉండదు.

మూడోది, రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం, గడ్డకట్టడం. దీని గురించి హైదరాబాద్ క్లాస్‌లో ఒక స్లయిడ్ చూపించి వదిలేశారు. సిలిండర్‌లో 200 బార్ దగ్గర ఉన్న గాలి ఒక్కసారి ఒత్తిడి తగ్గి బయటికొచ్చేటప్పుడు బాగా చల్లబడుతుంది, చుట్టూ నీళ్లు కూడా చల్లగా ఉంటే రెగ్యులేటర్‌లో మంచు పేరుకుని వాల్వ్ తెరుచుకునే ఉండిపోతుంది, గాలి ఆగకుండా బుసబుసమని వచ్చేస్తుంది. అందుకే 10 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లకి వేరే రెగ్యులేటర్లు ఉంటాయి. మంచి రెగ్యులేటర్ ఉన్నా కొన్ని జాగ్రత్తలు తప్పవు: గట్టు మీద చల్లగాలిలో నిలబడి దాంట్లోంచి ఊపిరి పీల్చకూడదు, గాలిని బలవంతంగా బయటికి వదిలే పర్జ్ బటన్ ఊరికే నొక్కకూడదు, సూట్‌లో గాలి చిన్న చిన్న దఫాలుగా నింపాలి, సూట్, బీసీడీ, ఊపిరి మూడూ ఒకేసారి లాగకూడదు. నిజంగా గడ్డకడితే దాన్ని గట్టిగా పళ్లతో కరుచుకోకుండా, పక్కనుంచి పోయే గాలిని పీల్చుకుంటూ, బడ్డీతో (జతగా దిగిన డైవర్‌తో) కలిసి పైకి రావాలి. మాకు నీళ్లలో ఇది జరగలేదు కానీ పక్క గ్రూపులో జరిగింది, ఆ బుడగల చప్పుడు అంత దూరం వినిపించింది. బుసబుసమంటున్న రెగ్యులేటర్‌లోంచి పీల్చడం ఓపెన్ వాటర్ కోర్సులోనే అందరూ ఒకసారి చేస్తారు, దాన్నే ఈ పూల్ సెషన్‌లో డ్రైసూట్‌తో మళ్లీ చేయించాల్సింది.

ఇంకొక తేడా వచ్చింది, ఇది తప్పొప్పుల గొడవ కాదు, పద్ధతుల తేడా. ఇక్కడ నీళ్లలో ఉన్నంతసేపు తేలడం మునగడం అంతా సూట్ గాలితోనే చేయమన్నారు, బీసీడీ ఉపరితలం మీదకే అన్నారు. అక్కడ పెద్దాయన, సూట్‌లో ఒళ్లు గిల్లకుండా ఉండేంత గాలి చాలు, మిగతాది బీసీడీలో పెట్టు అన్నాడు. రెండు పద్ధతులూ నేర్పేవాళ్లు ఉన్నారు. బరువు కరెక్టుగా ఉంటే మొదటిది సులువు, ఒకే వాల్వ్ చూసుకుంటే సరిపోతుంది. కానీ బరువు ఎక్కువైతే ఆ బరువుని మోయడానికి సూట్ నిండా గాలి నింపాలి, ఆ గాలి ఒంట్లో అటూ ఇటూ పరుగెడుతుంది. కొత్తవాళ్లు ఎప్పుడూ బరువు ఎక్కువే పెట్టుకుంటారు కాబట్టి నా ఓటు పెద్దాయనకే.

అన్నట్టు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది, బాత్రూమ్. చన్నీళ్లలో దిగితే ఒంటేలు ఎక్కువగా వస్తుంది, సూట్ విప్పి వేసుకోవడం చిన్న పని కాదు. దానికి భయపడి పొద్దున్నించీ నీళ్లు తాగకుండా ఉండేవాళ్లున్నారు, ముఖ్యంగా ఆడవాళ్లం. అది మంచిది కాదు, ఒంట్లో నీళ్లు తగ్గితే డికంప్రెషన్ సమస్య (పైకి వచ్చేటప్పుడు ఒంట్లో గాలి బుడగలు ఏర్పడటం) వచ్చే అవకాశం పెరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే పెద్దవాళ్ల డైపర్ వేసుకోండి, సిగ్గుపడకండి, అక్కడ సగం మంది వేసుకునే ఉంటారు. హైదరాబాద్ స్కూల్‌లో ఈ మాట ఎత్తితే ఇన్‌స్ట్రక్టర్ ముఖం తిప్పుకున్నాడు. స్కూల్‌లో లేడీ ఇన్‌స్ట్రక్టర్ ఒకరుంటే బాగుండేది.

క్లాస్ అయ్యాక స్కూల్ వాళ్లు సెకండ్ హ్యాండ్ సూట్ ఒకటి చూపించి కొనమన్నారు. కొనకండి. కొత్త సూట్ లక్ష దాటుతుంది, మంచిది కావాలంటే రెండు లక్షలు, సెకండ్ హ్యాండ్‌ది అందులో సగానికి వస్తోందని ఆశపడతాం. కానీ లేటెక్స్‌కి ఎండ, వేడి పడవు, మన ఇళ్లలో అటక మీద ఒక వేసవి గడిపితే సీల్స్ జిగురుపట్టి చిరిగిపోతాయి. జిప్పు పోతే దాన్ని అతికించి మార్చేవాళ్లు కావాలి, నేను సిటీ అంతా అడిగి చూశాను, ఆ పని చేసేవాళ్లు దొరకలేదు. మోసుకెళ్లడం చూస్తే సూట్, అండర్‌సూట్, హుడ్, గ్లవ్స్ కలిపి శంషాబాద్‌లో చెకిన్ చేసే 23 కిలోలలో చాలా భాగం తినేస్తాయి. ఐస్‌లాండ్ అయినా ఇంగ్లండ్ అయినా సూట్లు అక్కడే అద్దెకిస్తారు, మీ ఎత్తు, బరువు, బూటు సైజు ముందే పంపితే సరైనది తీసి పెడతారు. మీరు సొంతంగా కొనాల్సింది ఒంటికి అంటుకునే లోపలి పొర ఒక్కటే, అది ఉన్నిదో పాలిస్టర్‌దో కావాలి. కాటన్ వద్దు, చెమట పీల్చుకుని తడిగా ఉండిపోయి, పైన ఎంత మందం వేసుకున్నా చలి పుట్టిస్తుంది. కోఠిలో చలికాలం అమ్మే స్వెట్టర్లు దీనికి పనికిరావు, మడతలు పడతాయి, ట్రెక్కింగ్ సామాన్లు అమ్మే షాపులో థర్మల్ సెట్ చూడండి.

మరి చేరాలా వద్దా అంటే, మీకు చన్నీళ్ల ట్రిప్ తేదీలు ఖాయమై, అది రెండు మూడు నెలల్లో ఉంటే చేరండి. వేసుకోవడం, జిప్పు, కాళ్ల డ్రిల్, ఇవి ముందే వచ్చి ఉండటం వల్ల స్టోనీ కోవ్‌లో నా టైమంతా చలి మీద పెట్టగలిగాను, పక్కన మొదటిసారి సూట్ వేసుకుంటున్నవాళ్లు మెడ సీల్‌తోనే అలసిపోయారు. ట్రిప్ వచ్చే ఏడాది ఎప్పుడో అంటే వద్దు, మర్చిపోతారు. కట్టే ముందు ఫోన్‌లో నాలుగు విషయాలు అడగండి: నా సైజు సూట్ ఉందా, మందపాటి గ్లవ్స్‌తో డ్రిల్స్ చేయిస్తారా, గాలి ఆగకుండా వచ్చే రెగ్యులేటర్‌తో ప్రాక్టీస్ ఉంటుందా, మీరిచ్చే కాగితాన్ని నేను వెళ్లే చోట ఒప్పుకుంటారా. ఆఖరిది వాళ్లని అడిగి ఊరుకోకండి, ఆ దేశంలో మీరు బుక్ చేసుకునే సెంటర్‌కే మెయిల్ పెట్టి అడగండి, కొందరు పూల్ సెషన్ మళ్లీ మొదట్నుంచి చేయమంటారు, అప్పుడు ఇక్కడ కట్టింది దండగ.

సిల్‌ఫ్రాలో పైపైన తేలుతూ స్నోర్కెల్ చేస్తే చాలు అనుకునేవాళ్లకి ఈ క్లాస్ అస్సలు అక్కర్లేదు. దానికి డైవింగ్ సర్టిఫికెట్ అడగరు, ఈత వస్తే చాలు, డ్రైసూట్ వాళ్లే ఇచ్చి వాళ్లే తొడుగుతారు. ఈ స్కూల్ వాళ్లు స్నోర్కెల్‌కి వెళ్లేవాళ్లని కూడా చేర్చుకుంటున్నారు, "అలవాటవుతుంది కదా" అంటారు. మా బ్యాచ్‌లో అలా చేరిన దంపతులు ఉన్నారు, వాళ్లకి ఎవరూ ఈ సంగతి చెప్పలేదు.